ఎండలో మొండికేసే ఇంజిన్: అసలు వేడి ఏం చేస్తుంది?

పొద్దున తాళం తిప్పగానే అందుకున్న కారు, మధ్యాహ్నం ఓ పావుగంట ఆపి వచ్చేసరికి అందుకోదు. సెల్ఫ్ గిరగిరా తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం పలకదు. మెకానిక్ వచ్చేసరికి గంట గడుస్తుంది. ఆయన తాళం తిప్పగానే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. బ్యాటరీ చూస్తాడు, ప్లగ్గులు విప్పి చూస్తాడు, స్కానర్ పెడతాడు. అన్నీ సక్రమంగానే కనిపిస్తాయి. "ఎండలు కదండీ, అంతే" అనేసి వెళ్లిపోతాడు. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ అదే తంతు.

ఆ "అంతే" వెనక కనీసం అరడజను వేర్వేరు లోపాలు ఉండొచ్చు. నిజానికి ఒట్టి ఎండ, బాగున్న ఇంజిన్‌ను ఆపలేదు. కంపెనీలు కొత్త మోడళ్లను అమ్మకానికి పెట్టే ముందు మండే ఎడారుల్లో నడిపి చూస్తాయి. వేడి గాలి పలచగా ఉంటుంది కాబట్టి స్టార్ట్ అవ్వదనే మాట కూడా తరచు వినిపిస్తుంది. లెక్క వేస్తే, సున్నా డిగ్రీల గాలితో పోలిస్తే 40 డిగ్రీల గాలి సాంద్రత సుమారు 13 శాతమే తక్కువ. దానివల్ల ఇంజిన్ బలం కాస్త తగ్గొచ్చు గానీ అసలు అందుకోకుండా పోదు. రెండు వేల మీటర్ల ఎత్తున్న కొండ ఊళ్లలో గాలి అంతకన్నా పలచగా ఉంటుంది. అక్కడా కార్లు తిరుగుతూనే ఉన్నాయి.

మరి వేడి చేసేదేమిటి? అప్పటికే బలహీనపడిన ఒక భాగాన్ని హద్దు దాటిస్తుంది. చల్లబడగానే ఆ భాగం మళ్లీ హద్దులోకి వచ్చేస్తుంది. పరీక్ష చేసే సమయానికి సాక్ష్యం మిగలదు. ఈ సమస్యలో చిక్కంతా అదే.

## బయటి ఎండ కాదు, బానెట్ కింద వేడి

ఇంజిన్ నడుస్తున్నంతసేపూ కూలెంట్ సుమారు 90 డిగ్రీల దగ్గర తిరుగుతూ ఉంటుంది. పొగ బయటికి పోయే మానిఫోల్డ్ వందల డిగ్రీలకు చేరుతుంది. అయినా చుట్టుపక్కల వైర్లు, సెన్సర్లు, పెట్రోలు పైపులు తట్టుకుంటాయి. కారు కదులుతుంటే గాలి ఆడుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, కూలెంట్ వేడిని రేడియేటర్‌కు మోసుకుపోతుంది, కొత్త పెట్రోలు ప్రవహిస్తూ పైపులను చల్లగా ఉంచుతుంది.

తాళం తీసేయగానే ఈ నాలుగూ దాదాపు ఒకేసారి ఆగిపోతాయి. ఇంజిన్ లోహంలో నిండి ఉన్న వేడి మాత్రం ఎక్కడికీ పోలేదు. అది మెల్లగా చుట్టూ ఉన్న ప్రతి వస్తువులోకీ పాకుతుంది. అందుకే ఇంజిన్ ఆపిన తర్వాత బానెట్ కింద వేడి మొదట పెరుగుతుంది, తర్వాతే తగ్గుతుంది. దీన్ని హీట్ సోక్ అంటారు. కారును బట్టి తేడా ఉన్నా, చాలావాటిలో ఆపిన పదిహేను నిమిషాల నుంచి అరగంట మధ్య ఈ వేడి శిఖరానికి చేరుతుంది. కొన్ని కార్లలో తాళం తీశాక కూడా ఫ్యాన్ కాసేపు తిరగడానికి కారణం ఇదే.

ఇది అర్థమైతే సగం పని గడియారమే చేసి పెడుతుంది. ఆపిన వెంటనే మళ్లీ తిప్పితే అందుకుని, ఇరవై నిమిషాలకు అందుకోక, గంటన్నరకు మళ్లీ అందుకుంటే అది హీట్ సోక్ వ్యవహారం. అనుమానం పెట్రోలు ఆవిరి మీదకో, సెల్ఫ్ మీదకో, ఇంజిన్‌కు అంటుకుని ఉన్న సెన్సర్ మీదకో పోవాలి. నడుస్తూ నడుస్తూ ఇంజిన్ ఆగిపోయి, ఆ తర్వాత అందుకోకపోతే ఆవిరి కథ కాస్త వెనక్కి తగ్గి సెన్సర్, ఇగ్నిషన్, పెట్రోలు పంపు ముందుకొస్తాయి. ఇక ఇంజిన్ చల్లగానే ఉంది, కారు మాత్రం రోజంతా అద్దాలు మూసి ఎండలో నిలబడి ఉంది, అప్పుడు మొరాయించిందంటే చూడాల్సింది బానెట్ కింద కాదు, క్యాబిన్‌లో. డ్యాష్‌బోర్డు వెనక ఉండే రిలేల (కరెంటుతో పనిచేసే స్విచ్చుల) సంగతి కాసేపట్లో వస్తుంది.

## "స్టార్ట్ అవ్వట్లేదు" అనే ఒక్క మాటలో రెండు ఫిర్యాదులు

తాళం తిప్పినప్పుడు సెల్ఫ్ తిరగకపోవడం ఒక ఫిర్యాదు. సెల్ఫ్ బాగా తిరిగినా ఇంజిన్ అందుకోకపోవడం ఇంకో ఫిర్యాదు. ఈ రెండింటికీ ఉన్న చుట్టరికం చాలా తక్కువ. మొదటిది బ్యాటరీ, కేబుళ్లు, సెల్ఫ్ మోటార్‌కు సంబంధించింది. రెండోది ఇంధనం, నిప్పురవ్వ, కంప్రెషన్ (సిలిండర్లో గాలిని నొక్కే ఒత్తిడి), వీటన్నిటినీ నడిపే కంప్యూటర్ అయిన ఈసీయూకు సంబంధించింది. ఫోన్‌లో మెకానిక్‌కు "స్టార్ట్ అవ్వట్లేదు" అని మాత్రమే చెబితే ఆయన సగం ఊహించుకోవాల్సిందే.

మధ్యలో ఇంకో రకం ఉంది: అందుకుంటుంది, రెండు మూడు సెకన్లు దగ్గి ఆగిపోతుంది. దొంగతనాన్ని అడ్డుకునే ఇమొబిలైజర్ తాళాన్ని గుర్తుపట్టకపోయినా కొన్ని కార్లలో ఇలాగే జరుగుతుంది. దానికి సాధారణంగా డ్యాష్‌బోర్డు మీద తాళం గుర్తు వెలుగుతుంది, వేడితో సంబంధం తక్కువ.

## సెల్ఫ్ తిరగనప్పుడు: రాగి తీగ లెక్క

ముందు బ్యాటరీ. బ్యాటరీని చంపేది చలా, ఎండా అన్న వాదన పాతదే. రెండు వైపులా నిజం ఉంది. లెడ్ యాసిడ్ బ్యాటరీలో రసాయన చర్యలు వేడితో వేగం పుంజుకుంటాయి. పది డిగ్రీలు పెరిగితే వేగం దాదాపు రెట్టింపవుతుందని రసాయన శాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది. దాంతో లోపలి ప్లేట్లు త్వరగా తుప్పుపడతాయి, నీరు ఆవిరవుతుంది, బ్యాటరీ ఆయుష్షు కరుగుతుంది. కానీ వేడిలో ఉన్నంతకాలం, మిగిలిన కాస్త శక్తినీ అది చురుగ్గానే ఇస్తుంది. చలి వచ్చేసరికి ఆ బలహీనత బయటపడుతుంది. అంటే నష్టం జరిగేది ఎండల్లో, లెక్క తేలేది చలిలో. అందుకే "పొద్దున బాగా తిరుగుతుంది, మధ్యాహ్నమే తిరగదు" అన్నప్పుడు ఒక్క బ్యాటరీనే దోషిని చేస్తే కథ కుదరదు. ఉత్త బ్యాటరీ లోపమైతే చల్లటి పొద్దుటే ఎక్కువ ఇబ్బంది పెట్టాలి.

వేడిలోనే మొండికేసేది తరచుగా సెల్ఫ్ మోటార్, దాని మీద ఉండే సోలినాయిడ్, అంటే తాళం తిప్పగానే సెల్ఫ్‌ను పనిలోకి దించే విద్యుదయస్కాంతం. చాలా ఇంజిన్లలో సెల్ఫ్ పొగగొట్టానికి దగ్గర్లో ఉంటుంది. రాగి తీగ నిరోధం ఒక్కో డిగ్రీకి సుమారు 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. వినడానికి చిన్న అంకె. లెక్క వేసి చూద్దాం.

సోలినాయిడ్ కాయిల్ నిరోధం 25 డిగ్రీల దగ్గర 0.30 ఓమ్ అనుకుందాం. 12 వోల్టులు అందితే 40 ఆంపియర్ల కరెంటు పారుతుంది. హీట్ సోక్‌లో అదే కాయిల్ 105 డిగ్రీలకు చేరితే నిరోధం 31 శాతం పెరిగి 0.39 ఓమ్ దాటుతుంది. కరెంటు 31 ఆంపియర్లకు పడిపోతుంది. ఇప్పుడు దీనికి పాతబడిన తాళం స్విచ్చి, తుప్పు పట్టిన కనెక్టర్ తోడై దారిలో ఒకటిన్నర వోల్టు మింగేశాయనుకుందాం. కాయిల్‌కు అందేది 10.5 వోల్టులే, కరెంటు 27 ఆంపియర్లు. అయస్కాంతపు లాగుడు బలం కరెంటుతో నేరుగా కాక, సుమారుగా దాని వర్గంతో మారుతుంది. అంటే కరెంటు మూడో వంతు తగ్గితే బలం సగానికన్నా కిందికి పోతుంది. "టక్" మని ఒక్క చప్పుడు వచ్చి సెల్ఫ్ ఆగిపోవడానికి ఇది చాలు.

ఈ లెక్కలో గమనించాల్సింది, వేడి ఒక్కటే ఆపలేదు, కనెక్టర్‌లోని లోపం ఒక్కటే కూడా ఆపలేదు. పొద్దున ఆ ఒకటిన్నర వోల్టు నష్టం ఉన్నా 35 ఆంపియర్లు పారాయి, సెల్ఫ్ తిరిగింది. అందుకే సెల్ఫ్ మొత్తం మార్చినా, వైరింగ్‌లోని నష్టాన్ని ఎవరూ కొలవకపోతే, కొన్నాళ్లకు సమస్య తిరిగొస్తుంది. ఆ నష్టాన్ని మీటర్‌తో కొలవడానికి వోల్టేజ్ డ్రాప్ పరీక్ష అని పేరు: సెల్ఫ్ తిరిగేలా తాళం పట్టి ఉంచి, బ్యాటరీ టెర్మినల్‌కూ సెల్ఫ్ టెర్మినల్‌కూ మధ్య ఎన్ని వోల్టులు చూపిస్తుందో చదవడం. ప్లస్ కేబుల్ వైపు సుమారు అర వోల్టు, ఎర్త్ వైపు 0.2 వోల్టు దాటితే దారిలో ఎక్కడో తినేస్తోందన్న మాట. బ్యాటరీ విషయానికొస్తే, నిండుగా ఉన్నది ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపించాలి. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 9.6 కన్నా కిందికి పడకూడదన్నది సాధారణంగా అందరూ వాడే గీత.

ఇంకో చిన్న ఆధారం: వేడి ఇంజిన్‌లో ఆయిల్ పలచబడి ఉంటుంది, కాబట్టి సెల్ఫ్ పొద్దుటి కన్నా సులువుగా తిరగాలి. వేడిలో మూలుగుతూ నెమ్మదిగా తిరుగుతోందంటే అది ఇంజిన్ బరువు కాదు, కరెంటు కొరత. డిస్ట్రిబ్యూటర్ (నిప్పురవ్వను ఒక్కో ప్లగ్గుకు పంచేది) ఉన్న పాత కార్లలో మాత్రం ఇగ్నిషన్ టైమింగ్ మరీ ముందుకు జరిగి ఉన్నా ఇదే లక్షణం కనిపిస్తుంది, నిప్పురవ్వ ముందే పడి పిస్టన్‌ను వెనక్కి తన్నుతుంది.

## సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు: సెన్సర్ వేషాలు

ఈ గుంపులో మెకానిక్‌లు ముందుగా అనేది క్రాంక్ సెన్సర్. ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో, పిస్టన్ ఎక్కడుందో ఈసీయూకు చెప్పేది ఇదే. పాత రకం సెన్సర్లలో వెంట్రుకంత సన్నటి రాగి తీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారి, ఎక్కడో ఒకచోట తీగ చిట్లుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఆ కొసలు తగులుతూనే ఉంటాయి. వేడికి వ్యాకోచించినప్పుడు విడిపోతాయి, సిగ్నల్ పోతుంది. చల్లారాక మళ్లీ తగులుతాయి.

సిగ్నల్ లేకపోతే ఈసీయూ దృష్టిలో ఇంజిన్ తిరగడం లేదు. కాబట్టి నిప్పురవ్వ ఇవ్వదు, ఇంజెక్టర్లను తెరవదు. తాళం ఆన్ చేసినప్పుడు రెండు మూడు సెకన్లు నడిచిన పెట్రోలు పంపును కూడా ఆపేస్తుంది. ఇక్కడే చాలా పంపులు అన్యాయంగా బలైపోతుంటాయి. "సెల్ఫ్ తిరుగుతుంటే పంపుకు కరెంటు రావట్లేదు" అని చూసి పంపునో, దాని రిలేనో మార్చేస్తారు. పంపు మంచిదే, దానికి ఆజ్ఞ ఇవ్వాల్సిన వాడికే కబురు అందలేదు.

దీన్ని విడదీసే సులువైన ఆధారం ఆర్‌పీఎం, అంటే ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు స్కానర్‌లో సాధారణంగా 150 నుంచి 250 మధ్య కనిపించాలి. సెల్ఫ్ చక్కగా తిరుగుతుంటే అక్కడ సున్నా ఉంటే, వేలు సెన్సర్ వైపో దాని వైర్ల వైపో చూపిస్తున్నట్టు. కొన్ని కార్లలో ఆర్‌పీఎం మీటర్ ముల్లు కదలకపోవడం కూడా అదే చెబుతుంది, అన్నిట్లో కాదు. స్కానర్‌లో పీ0335 లాంటి లోపం కోడ్ పడితే పని తేలిక. పడకపోతే మాత్రం సెన్సర్ బాగుందని అర్థం కాదు. సెల్ఫ్ తిరిగిన కొద్ది సెకన్లలో ఈసీయూ ఆ లోపాన్ని నిర్ధారించుకోలేకపోవచ్చు. ఇంకో తికమక, మీటర్ పెట్టి ఓమ్‌లు కొలిచే పద్ధతి తీగ చుట్టిన సెన్సర్లకే వర్తిస్తుంది. హాల్ రకం సెన్సర్ లోపల చిన్న ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉంటుంది, దాని మీద ఓమ్‌ల అంకె ఏమీ చెప్పదు.

నిప్పురవ్వను నియంత్రించే ఇగ్నిషన్ మాడ్యూళ్లకూ వేడికీ వైరం పాతది. 1980లలో ఫోర్డ్ చాలా మోడళ్లలో ఈ మాడ్యూల్‌ను తీసుకెళ్లి ఇంజిన్ మీద, డిస్ట్రిబ్యూటర్‌కే బిగించింది. వేడికి అవి ఆగిపోతున్నాయని అమెరికాలో యజమానులు కోర్టుకెక్కారు. 2000లో కాలిఫోర్నియా న్యాయమూర్తి ఒకరు ఆ కార్లను వెనక్కి పిలవాలని ఆదేశించారు, మరుసటి ఏడాది కంపెనీ రాజీకి వచ్చింది. ఇప్పటి చాలా కార్లలో ఒక్కో ప్లగ్గు మీద ఒక్కో కాయిల్ ఉంటుంది కాబట్టి, వేడికి ఒక కాయిల్ పోయినా ఇంజిన్ కుంటుతుంది తప్ప పూర్తిగా మొరాయించదు. "స్టార్టే అవ్వట్లేదు, కాయిల్ పోయి ఉంటుంది" అన్న ఊహ పాత కార్ల రోజుల నుంచి మిగిలిపోయింది.

క్యాబిన్ వేడి సంగతి చెప్పడానికి 1990ల నాటి హోండా కార్లు మంచి ఉదాహరణ. వాటిలో పెట్రోలు పంపుకూ ఈసీయూకూ కరెంటు ఇచ్చే మెయిన్ రిలే డ్యాష్‌బోర్డు కింద ఉండేది. లోపలి టంకం ఏళ్ల తరబడి వేడికీ చలికీ వ్యాకోచించి, కుంచించుకుని, కంటికి కనిపించనంత సన్నగా పగిలేది. కారు ఎండలో ఉడికినప్పుడు స్టార్ట్ అయ్యేది కాదు. తలుపులు తెరిచి కాసేపు గాలాడనిస్తే అయ్యేది! చాలామందికి అది మాయలా అనిపించేది. ఆ టంకాన్ని మళ్లీ కరిగించి అతికితే చాలు, రిలే బాగుపడేది. ఆనవాలు ఏమిటంటే, తాళం ఆన్ చేయగానే వెనక సీటు వైపు నుంచి రెండు సెకన్లు వినిపించాల్సిన పంపు జుయ్‌మనే చప్పుడు వినిపించదు.

పంపు తానే నేరస్థురాలైన సందర్భాలూ ఉన్నాయి. ట్యాంకులో మునిగి ఉండే పంపును చుట్టూ ఉన్న పెట్రోలే చల్లబరుస్తుంది. అరిగిపోయిన పంపు, అడుగంటిన ట్యాంకు, మండే రోడ్డు, ఈ మూడూ కలిస్తే అది నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంది. ట్యాంకు కింద చేత్తో తట్టగానే మళ్లీ తిరిగిందంటే దాని పని దాదాపు అయిపోయినట్టే.

## వేపర్ లాక్: పాత కార్ల జబ్బా, ఇప్పటిదీనా?

పెట్రోలు నీళ్లలా ఒకే ఉష్ణోగ్రత దగ్గర మరగదు. అది రకరకాల హైడ్రోకార్బన్ల మిశ్రమం. అందులో తేలికవి సుమారు 35 డిగ్రీల దగ్గరే ఆవిరవడం మొదలుపెడతాయి, బరువైనవి 200 డిగ్రీల దాకా ఆగుతాయి. పైపులో ద్రవం ఉండాల్సిన చోట ఆవిరి చేరితే పంపు దాన్ని నొక్కుతుందే గానీ ముందుకు తోయలేదు. ఇదే వేపర్ లాక్.

కార్బొరేటర్ కార్లలో పంపు ఇంజిన్‌కు బిగించి ఉండేది, అంత దూరంలో ఉన్న ట్యాంకు నుంచి పెట్రోలును పీల్చేది. పీల్చేటప్పుడు పైపులో ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే మరిగే ఉష్ణోగ్రత కూడా తగ్గుతుంది. పంపు మీద తడిగుడ్డ వేయడం ఆ రోజుల చిట్కా, అది నిజంగానే పనిచేసేది.

ఇంజెక్షన్ కార్లలో పరిస్థితి తలకిందులైంది. పంపు ట్యాంకులోకి వెళ్లింది, పీల్చే బదులు తోస్తోంది. పైపులో సుమారు మూడు నాలుగు బార్ల ఒత్తిడి ఉంటుంది, దానివల్ల పెట్రోలు అంత తేలిగ్గా మరగదు. అందుకే "ఇప్పటి కార్లలో వేపర్ లాక్ లేదు" అని ఒక వర్గం కచ్చితంగా చెబుతుంది. ఇంజిన్ నడుస్తున్నంతవరకూ వారి మాట దాదాపు నిజమే. రెండో వర్గం ఎత్తిచూపేది ఇంజిన్ ఆపిన తర్వాతి అరగంటను. పంపు ఆగాక కూడా ఆ ఒత్తిడి నిలబడాలి. పంపులో పెట్రోలును వెనక్కి పోనివ్వని చెక్ వాల్వ్ కారినా, ఒక ఇంజెక్టర్ బొట్టుబొట్టుగా కారినా ఒత్తిడి జారిపోతుంది. సరిగ్గా అప్పుడే హీట్ సోక్ శిఖరానికి చేరుతుంది. ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టమైన ఫ్యూయల్ రైల్‌లో పెట్రోలు మరిగి బుడగలు కడుతుంది. సెల్ఫ్ తిప్పితే ఇంజెక్టర్లు ఆవిరిని చిమ్ముతాయి.

నాకు రెండో వాదనే బలంగా కనిపిస్తుంది, అయితే ఒక షరతుతో: అక్కడ జబ్బు ఆవిరి కాదు, కారుతున్న వాల్వ్. దీన్ని పట్టించే లక్షణం ఒకటుంది. తాళం ఆన్ చేసి రెండు సెకన్లు ఆగి ఆఫ్ చేయడం, ఇలా రెండు మూడుసార్లు చేశాక సెల్ఫ్ తిప్పితే చక్కగా అందుకుంటుంది. ప్రతిసారీ పంపు కాసేపు నడిచి ఒత్తిడిని మళ్లీ నింపుతుంది కాబట్టి. గేజ్ పెట్టి చూస్తే లెక్క ఇంకా తేటగా ఉంటుంది. ఆపినప్పుడు 3.5 బార్లున్న ముల్లు ఇరవై నిమిషాల తర్వాత కూడా పెద్దగా జారకపోతే ఆవిరి మీద అనుమానం సగం చచ్చినట్టే. ఐదు నిమిషాల్లోనే అర బారుకు పడిపోతే దారి దొరికినట్టు.

ఇథనాల్ కలిపిన పెట్రోలు మీద నింద కూడా ఇక్కడే వస్తుంది. ఇథనాల్ విడిగా 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, కాబట్టి కలిపితే ఆవిరి తగ్గాలి కదా అనిపిస్తుంది. జరిగేది వేరు. కొద్దిపాళ్లలో కలిపినప్పుడు అది పెట్రోలులోని తేలిక అణువులు ఇంకా సులువుగా ఎగిరిపోయేలా చేస్తుంది. మిశ్రమపు ఆవిరి పీడనం సుమారు 7 కిలోపాస్కల్స్ పెరుగుతుంది. ఈ పెరుగుదల 10 శాతం లోపు పాళ్లలోనే శిఖరానికి చేరి, ఆ తర్వాత మెల్లగా తగ్గుతూ వస్తుంది. కాబట్టి 10 శాతం నుంచి 20 శాతానికి పోతే ఆవిరి పీడనం రెట్టింపవుతుందన్న భయానికి ఆధారం లేదు. అలాగని ఇథనాల్‌కు పూర్తిగా క్లీన్ చిట్ ఇవ్వడమూ తొందరపాటే. ఎక్కువ పాళ్లున్న మిశ్రమంలో 70 డిగ్రీల లోపే ఆవిరైపోయే భాగం పెరుగుతుంది, హీట్ సోక్‌లో రైల్ చేరేది ఆ పరిధికే. ఒత్తిడి నిలబడే కారుకు ఇదంతా పట్టదు. నిలబడని కారుకు పడుతుంది.

## పెట్రోలు ఎక్కువైనా బయటికి లక్షణం అదే

పెట్రోలు అందకపోవడం ఎంత మామూలో, మోతాదు మించడమూ అంతే మామూలు. ప్లగ్గులు తడిసిపోతాయి, నిప్పురవ్వ పడదు, సెల్ఫ్ తిరుగుతూ ఉంటుంది. తేడా ముక్కు పట్టేస్తుంది, పెట్రోలు వాసన గుప్పుమంటుంది. ఇంజెక్షన్ కార్లలో చాలావాటికి ఒక ఏర్పాటు ఉంది: యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ తిప్పితే ఈసీయూ ఇంజెక్టర్లను మూసేసి గాలి మాత్రమే పోనిస్తుంది. అలా చేసినప్పుడు నల్లటి పొగతో అందుకుంటే, ఎక్కువైందన్న అనుమానం రుజువైనట్టే. ఇంతకుముందు చెప్పిన తాళం ఆన్-ఆఫ్ చిట్కాకు లొంగేది పెట్రోలు చాలని ఇంజిన్, దీనికి లొంగేది పెట్రోలు మించిన ఇంజిన్.

ఎందుకు మించుతుంది? కారే ఇంజెక్టర్ ఒక కారణం. ట్యాంకు ఆవిరిని ఇంజిన్‌కు పంపే పర్జ్ వాల్వ్ తెరుచుకుపోయి ఉండిపోవడం ఇంకో కారణం. పెట్రోలు పోయించుకున్న వెంటనే మొండికేస్తే ఎక్కువగా ఇదే. కానీ నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సర్, ఎందుకంటే అది చెప్పే అబద్ధం వేడిలో మాత్రమే బయటపడుతుంది.

ఇంజిన్ చల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ కావాలి, వేడిగా ఉంటే తక్కువ. ఈసీయూ ఈ నిర్ణయం ఆ సెన్సర్‌ను నమ్మి తీసుకుంటుంది. వేడెక్కే కొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. చాలా కార్లలో కనిపించే రకంలో 20 డిగ్రీలకు సుమారు 2,500 ఓమ్‌లు, 25 డిగ్రీలకు 2,060, 80 డిగ్రీలకు 300 ఓమ్‌ల చుట్టుపక్కల ఉంటుంది. ఇప్పుడు దాని కనెక్టర్ తుప్పుపట్టి 2,000 ఓమ్‌ల అదనపు నిరోధం చేర్చిందనుకుందాం.

పొద్దున ఇంజిన్ 25 డిగ్రీల దగ్గర ఉంది. అసలు 2,060, అదనం 2,000, మొత్తం 4,060. ఈసీయూకు అది దాదాపు 8 డిగ్రీల చలిలా కనిపిస్తుంది. కాస్త ఎక్కువ పెట్రోలు పోస్తుంది. చల్లటి ఇంజిన్ దాన్ని సర్దుకుంటుంది, ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం ఇంజిన్ 90 డిగ్రీల దగ్గరుంది. అసలు నిరోధం 250 లోపే, అదనం కలిపితే 2,250. ఈసీయూకు అది 20, 25 డిగ్రీల మధ్య ఉన్న చల్లటి ఇంజిన్. చల్లటి ఇంజిన్‌కు పోయాల్సినంత పెట్రోలు, కాలుతున్న ఇంజిన్‌లో పోస్తుంది. లోపం ఒకటే, అంత కచ్చితంగానే పొద్దునా ఉంది. పొద్దున 17 డిగ్రీల పొరపాటు, మధ్యాహ్నం సుమారు 65 డిగ్రీల పొరపాటు. వైరు పూర్తిగా తెగిపోతే చాలా కార్లలో స్కానర్ మైనస్ 40 చూపిస్తుంది, కోడ్ కూడా పడుతుంది. ఇలా సగం చెడినప్పుడు మాత్రం ఏ కోడూ పడకపోవచ్చు. ఎందుకంటే 23 డిగ్రీలు అనేది ఈసీయూ దృష్టిలో నమ్మదగ్గ అంకే. వేడి ఇంజిన్ ముందు నిలబడి ఆ అంకె చదివిన మనిషికే అది అబద్ధమని తెలుస్తుంది.

## డీజిల్ కథ వేరు

డీజిల్ ఇంజిన్‌కు నిప్పురవ్వ అక్కర్లేదు, ఆవిరి గొడవ కూడా తక్కువ. అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే కామన్ రైల్ ఇంజిన్లలో వేడి వేరే చోట దెబ్బ కొడుతుంది. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు రైల్‌లో ఒత్తిడి ఒక కనీస స్థాయికి, చాలావాటిలో సుమారు 200 బార్ల పైకి, చేరితే తప్ప ఈసీయూ ఇంజెక్టర్లను తెరవదు. డీజిల్ వేడెక్కితే పలచబడుతుంది. అరిగిన పంపులో, అరిగిన ఇంజెక్టర్లలో ఉన్న సందుల్లోంచి చల్లటి చిక్కటి డీజిల్ కన్నా వేడి పలచటి డీజిల్ ఎక్కువ జారిపోతుంది, ఒత్తిడి చేరదు. ఒక్కో ఇంజెక్టర్ నుంచి వెనక్కి వచ్చే డీజిల్‌ను ఒక్కో సీసాలో పట్టి పోల్చడం దీనికున్న పరీక్ష. మిగతావాటి కన్నా బాగా నిండిన సీసా దోషిని చూపిస్తుంది.

## చల్లబరిచి చూడటం: మంచి పరీక్షేనా?

మొండికేసిన సమయంలో అనుమానమున్న సెన్సర్ మీద కాసిని నీళ్లో, చల్లబరిచే స్ప్రేనో వాడి, వెంటనే అందుకుంటుందేమో చూడటం పాత పద్ధతి. అనుకూలంగా చెప్పేవారి వాదన, చల్లారితే మాయమయ్యే లోపాన్ని అది ఉన్నప్పుడే పట్టుకోవడానికి ఇంతకన్నా నేరుగా చూపించేది లేదు. అభ్యంతరం చెప్పేవారి మాటలోనూ పస ఉంది. నీళ్లు ఒక్క సెన్సర్ మీదే పడవు, పక్కనున్న వైర్ల జాయింటు కూడా చల్లారుతుంది. కాలుతున్న లోహం మీద చన్నీళ్లు పడితే పగుళ్లు రావచ్చు. పైగా ఆ హడావుడిలో ఐదు నిమిషాలు గడిచిపోతే, ఏం చేయకపోయినా అందుకునేదేమో. ఒక్క భాగాన్నే చల్లబరిచి, వెంటనే తిప్పి, అదే ఫలితం ఇంకోసారి వస్తేనే దాన్ని లెక్కలోకి తీసుకోవడం సబబు. తేలిగ్గా అంటుకునే స్టార్టింగ్ స్ప్రేలను కాలుతున్న ఇంజిన్ మీద వాడటం మాత్రం ఈ కోవలోకి రాదు, అది నిప్పుతో చెలగాటం. ఉష్ణోగ్రత ముల్లు ఎర్ర గీతలో ఉంటే అసలు ఈ చర్చే వేరు: ఇంజిన్ ఓవర్‌హీట్ అయింది, ఇంజిన్ పైభాగం దగ్గరి సీలు, హెడ్ గ్యాస్కెట్, పోయి కంప్రెషన్ తగ్గి ఉండొచ్చు, రేడియేటర్ మూత విప్పితే మరిగే నీళ్లు మొహాన చిమ్ముతాయి.

పరీక్షల జోలికి పోకుండా "ఈ మోడల్‌లో ఎప్పుడూ క్రాంక్ సెన్సరే పోతుంది" అని నేరుగా మార్చేసే అలవాటుకు కూడా కొంత సమర్థన ఉంది. చవగ్గా దొరికి, సులువుగా మారే భాగం, అదీ వందల కార్లలో చూసిన మెకానిక్ చెప్పాడంటే, గంటల తరబడి పరీక్షించడం కన్నా అదే లాభసాటి కావచ్చు. కొత్తది వేశాక వారం రోజులు బాగానే ఉంటే సెన్సరే కారణమని తీర్మానించేస్తారు. ఆ వారం మబ్బు పట్టి ఉందేమో ఎవరూ అడగరు.

## రెండు చిన్న లోపాలు కలిసినప్పుడు

పైన చెప్పిన విభజన అంతా సెల్ఫ్ తిరగడం, తిరగకపోవడం అనే గీత మీద నిలబడింది. ఆ గీతను చెరిపేసే సందర్భం ఒకటుంది. మూడు నాలుగేళ్ల ఎండలు చూసిన బ్యాటరీ, వేడెక్కి ఎక్కువ కరెంటు లాగుతున్న అరిగిన సెల్ఫ్. తాళం తిప్పితే సెల్ఫ్ తిరుగుతుంది, వినడానికి కాస్త నెమ్మదిగా. ఆ క్షణంలో బ్యాటరీ వోల్టేజీ 12.5 నుంచి 7కో, ఇంకా కిందికో పడిపోతుంది. మోటార్ ఆ వోల్టేజీకి కూడా ఈడ్చుకుంటూ తిరగగలదు. ఈసీయూ మాత్రం తట్టుకోలేక రీసెట్ అయిపోతుంది, లేదా సెన్సర్ సిగ్నళ్లను సరిగ్గా చదవలేదు. నిప్పురవ్వ పడదు. చూసేవారికి ఇది "సెల్ఫ్ తిరుగుతుంది, అందుకోదు" జాతిలోనే కనిపిస్తుంది. స్కానర్‌లో సంబంధం లేని నాలుగైదు కోడ్‌లు ఒకేసారి పడతాయి, ఒక్కోదాన్నీ వెంబడిస్తూ ఒక్కో సెన్సర్ మార్చుకుంటూ పోతారు. సెల్ఫ్ తిరుగుతుండగా బ్యాటరీ టెర్మినళ్ల మీద మీటర్ పెడితే పది సెకన్లలో తేలిపోయే విషయం ఇది. ఇంకో బ్యాటరీ నుంచి కేబుళ్లు తగిలించగానే మొదటి తిప్పుకే అందుకుంటే కోడ్‌లన్నీ చెరిపేసి, మళ్లీ ఏవి పడతాయో చూశాకే వాటిని పట్టించుకోవాలి.